గోడ మీద ఎర్ర చుక్కలు

సత్తెమ్మత్త పోయిందని కబురు తెలిసి మొన్న ఎల్బీనగర్ వెళ్ళాను. మెట్రో దిగి, ఆటో ఎక్కి, సందుసందూ తిరిగి చివరికి ఆ ఇంటి ముందు దిగాక లోపలికి అడుగు పెట్టలేకపోయాను. చుట్టుపక్కల ఇళ్ళన్నీ కొత్త రంగులతో, నున్నటి రాళ్ళతో మెరుస్తున్నాయి. ఈ ఒక్క ఇంటి ప్రహరీకి మాత్రం సున్నం పడి ఎన్నేళ్ళయిందో తెలియదు. గేటు పక్కన గుబురుగా ఆముదం చెట్టు. గోడ పై అంచు నుంచి కిందికి జారి ఎండిపోయిన ఎర్రటి చుక్కలు. కొన్ని పాతబడి ఇటుక రంగుకి తిరిగాయి, కొన్ని నిన్నో మొన్నో పడినట్టు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మనిషి పోయిన ఇంటి ముందు నిలబడి గోడ చూస్తున్న నన్ను, ఈ ముసలిదాన్ని, పక్కింటి మేడ మీంచి ఎవరో వంగి చూశారు. ఎవరీవిడ, ఎందుకొచ్చింది, ఏం చూస్తోంది అని అడిగే చూపు. నాకు కొత్త కాదు. నేను అలాంటి చూపుల మధ్యే పెరిగాను, నిజం చెప్పాలంటే నేనూ అలాగే చూస్తాను. కొందరిళ్ళలో పిల్లలకి సంగీతం నేర్పిస్తారు. మా ఇంట్లో అనుమానపడటం నేర్పించారు.

అప్పట్లో మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడక్కడ రోడ్డు దాటాలంటే దేవుడికి దణ్ణం పెట్టుకుని అడుగు వేయాలి గానీ, అప్పుడు బస్సు దిగితే ఇళ్ళ కంటే ఖాళీ జాగాలే ఎక్కువ కనిపించేవి. కొత్తపేట వైపు ద్రాక్షతోటలు, వాటి వెనక రాళ్ళగుట్టలు. మలక్‌పేట పెద్దమనిషి ఒకాయన కట్టించి కిరాయికిచ్చిన రెండు పోర్షన్ల ఇంట్లో ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో సత్తెమ్మత్త వాళ్ళు. మాది గుడివాడ దగ్గర పల్లె, నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా. వాళ్ళది నల్లగొండ వైపు ఊరు. ఆవిడ భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే ఉండేవాడు. ఆవిడ తమ్ముడు యాదగిరి అక్కడే ఉండి కాలేజీలో బీఎస్సీ చదువుకునేవాడు. రెండు పోర్షన్లకీ ముందు ఒకటే ప్రహరీ, మధ్యలో నడుమెత్తు గోడ. పొద్దున్నే అటు నుంచి జొన్నరొట్టె చరిచే చప్పుడు వచ్చేది, ఇటు నుంచి మా అమ్మ కాఫీ డికాషన్ వాసన అటు పోయేది.

మా అమ్మ ఏ ఊరెళ్ళినా తన పెరడు వెంట తీసుకెళ్ళే మనిషి. ఊరి నుంచి ఆముదం గింజలు కొంగున కట్టుకొచ్చి, మధ్య గోడ ప్రహరీతో కలిసే మూలన నాటింది. ఆముదం దీపం మీద ఇత్తడి గిన్నె బోర్లించి, పట్టిన మసితో నాకు కాటుక చేసేది. ఆదివారం నా తలకి ఆముదం పట్టించి ఎండలో కూర్చోబెడితే, సత్తెమ్మత్త గోడవతల నుంచి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏం వాసన వదినా! కడుపుల తిప్పుతుంది" అని నవ్వేది. అమ్మకేమో ఆవిడ గడపకి పూసే జాజు వింతగా ఉండేది. జాజంటే ఎర్రమన్ను. శుక్రవారం నీళ్ళలో కలిపి, గుడ్డ ముక్కతో గడపకీ అరుగు అంచుకీ ఎంతో నేర్పుగా పూసేది. తడి జాజు వాసన వాన మొదలైనప్పటి మట్టివాసనలా ఉండేది. మా గడపకి పసుపు, వాళ్ళ గడపకి జాజు. అంతకు మించి తేడా ఉందని నాకు తోచలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

తెలంగాణ ఉద్యమం మొదటిసారి లేచిన రోజులవి. బళ్ళు మూసేశారు. తెరుస్తారని ఒకరంటారు, తెరవరని ఇంకొకరంటారు. అలా అంటుండగానే ఎండాకాలం వచ్చేసింది. నాన్న గేటుకున్న తన పేరు చెక్కిన బోర్డు ఊడదీసి మంచం కింద పెట్టారు. ఇంటిపేరు చూస్తే ఏ జిల్లావాళ్ళమో తెలిసిపోతుందట. రేడియో గొంతు తగ్గించి చెవికి ఆనించుకుని వినేవారు. బస్సెక్కే ముందు అమ్మ నా చెయ్యి గిల్లి, "నోరు విప్పకు. నువ్వు రెండు మాటలు మాట్లాడితే చాలు, మనమెవరమో బస్సంతా తెలిసిపోతుంది" అనేది. ఉద్యోగాలన్నీ బయటివాళ్ళు ఎగరేసుకుపోతున్నారన్నది యాదగిరి లాంటివాళ్ళ కడుపుమంట. మా నాన్న కుర్చీ కూడా వాళ్ళ కంటికి అలాంటిదే అయ్యుండాలి. అది ఇప్పుడు అర్థమవుతుంది, అప్పుడు మా ఇంట్లో ఎవరూ అర్థం చేసుకోవాలనుకోలేదు. విచిత్రమేమిటంటే, ఇంత జరుగుతున్నా అమ్మా సత్తెమ్మత్తా గోడ మీంచి కూరగిన్నెలు మార్చుకోవడం ఆపలేదు. కాకపోతే అటు నుంచి వచ్చిన కూర ముందు అమ్మ రుచి చూసి, కాసేపు ఆగి, అప్పుడు మాకు వడ్డించేది. చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో సత్తెమ్మత్తే చెప్పి నవ్వించింది, మా గోంగూర పచ్చడిని అక్కడ ముందు ఆవిడే తిని చూసేదట.

ఒక పొద్దున్న ముగ్గు వేయడానికి వెళ్ళిన అమ్మ చెంబుతో అలాగే వెనక్కి వచ్చింది. "ఏవండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచిన గొంతు విని నేనూ వెంట వెళ్ళాను. ప్రహరీకి కొత్తగా వేయించిన తెల్ల సున్నం మీద ఎర్రటి చుక్కలు. ఒకటి కాదు, బొట్టు పెట్టినట్టు అక్కడొకటి, అక్కడొకటి. నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, వేలితో తాకి, వాసన చూశారు. "రక్తమాండీ?" అంది అమ్మ. "కాదు, ఏదో రంగు" అన్నారు నాన్న. ఆయన మొహం పాలిపోవడం నేను చూశాను. ఆంధ్రావాళ్ళ ఇళ్ళకి గుర్తులు పెడుతున్నారనీ, గుర్తున్న ఇళ్ళ మీదికి రాళ్ళు వస్తాయనీ అంతకు ముందే ఆఫీసులో ఎవరో ఆయనకి చెప్పారు. అమ్మ తడిగుడ్డ తెచ్చి తుడిచింది. మర్నాటికి ఇంకొన్ని పడ్డాయి. మళ్ళీ తుడిచింది. వీధిలో మిగతా గోడలన్నీ శుభ్రంగా ఉన్నాయి, మా గోడకే ఈ చుక్కలు. అమ్మ గుడ్డ పిండుకుంటూ పక్కవాళ్ళ గడప వైపు చూసింది. ఆ రోజు శుక్రవారం. జాజు తడితడిగా, ఎర్రగా మెరుస్తోంది. ఆ చూపుతోనే మా ఇంట్లో తీర్పు అయిపోయింది.

అప్పటి నుంచి మా ఇంట్లో యాదగిరి కదలికల మీద కాపలా మొదలైంది. అతను రోజూ పొద్దున్నే చంకకి సంచీ తగిలించుకుని బయల్దేరేవాడు. ఎక్కడికి నాయనా అని అమ్మ అడిగితే, ఎల్బీనగర్ వైపున్న సర్కారు తోటకి, సీతాకోకచిలుకలు చూడటానికి అనేవాడు. కాలేజీ తెరిస్తే పరీక్ష ఉందట, రకరకాలవి చూసి బొమ్మలు గీయాలట. ఈ మాట విని నాన్న అన్నం ముందు కూర్చున్నవారల్లా నవ్వారు. "మీసాలొచ్చిన మగాడు మండుటెండలో పడి సీతాకోకచిలుకలు చూడ్డానికి వెళ్తున్నాడంటే నమ్మడానికి నేనేమైనా చెవిలో పువ్వు పెట్టుకున్నానా? కాలేజీయే లేదు, పరీక్ష ఏమిటి? వాళ్ళ మీటింగులు ఆ తోటలో జరుగుతున్నాయి."

నాన్న ఆఫీసులో ఒకాయన బావమరిది పోలీసుల్లో పనిచేసేవాడు. మీ వీధిలో ఉద్యమమంటూ తిరిగే కుర్రాళ్ళుంటే పేరు చెప్పండి చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారు అని ఆయన నాన్నతో అన్నాడట. "పేరు చెప్తే ఏం చేస్తారు నాన్నా?" అని అడిగాను. "లోపలేస్తారు" అన్నారు నాన్న, పెరుగన్నం కలుపుకుంటూ. "ఆ పిల్లాడు మన భారతికి లెక్కలు చెప్పాడండీ" అంది అమ్మ నా వైపు చూస్తూ, మెల్లగా. నాన్న పెరుగన్నం కడదాకా తిన్నారు. చివరికి, "ముందు వాడు నిజంగా ఆ తోటలో ఏం చేస్తున్నాడో తేలనీ. అబద్ధమని తేలితే మాత్రం ఊరుకునేది లేదు" అన్నారు. యాదగిరి జైలుకి వెళ్ళడమో మానడమో సీతాకోకచిలుకల మీద ఆధారపడింది.

ఆ సాయంత్రమే సత్తెమ్మత్త గోడ మీదికి వంగి పిలిచింది. "వదినా, రేపు పొద్దుగాల మా యాదగిరితోని సర్కారు తోటకు పోతున్న. చింతచిగురు మస్తుగుందట. మీ పిల్లను గూడ తోలియ్యి, బడి లేక ఇంట్ల కూసోని పరేషాన్ అయితుంది." అమ్మ సరేనంది, లోపలికొచ్చాక తలుపు దగ్గరగా వేసింది. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడే ఎందుకు పిలుస్తోంది? పిల్లని తీసుకెళ్ళి ఏం చేస్తుంది? పంపకపోతే అనుమానపడతారు, పంపితే మనకి భయం. చివరికి భయం కంటే తెలుసుకోవాలన్న తహతహే గెలిచింది. నా జడ అల్లుతూ అమ్మ చెప్పింది: "వాడు ఎవరితో మాట్లాడతాడో చూడు. ఏం చేతులు మారతాయో చూడు. వాళ్ళేమడిగినా తెలీదను. చూస్తున్నట్టు మాత్రం కనపడకు." తెల్లగౌను వేసింది నాకు. ఎందుకు తెల్లదో నాకిప్పటికీ తెలియదు, దూరానికి కనిపిస్తుందనేమో.

కొత్తపేట దాటాక పెద్దరోడ్డు వదిలి ఎర్రమట్టి బాటలో నడిచాం. తోట పేరుకి సర్కారుదే గానీ ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. నిమ్మచెట్లు, చింతచెట్లు, కంచె పొడవునా రంగురంగుల గుత్తిపూల పొదలు, మధ్యలో ఎప్పుడూ కారే ఒక నీళ్ళ పంపు. యాదగిరి ఆ పంపు దగ్గర గొంతుక్కూర్చుని నన్ను పక్కన కూర్చోమన్నాడు. "పాపా, నీ నీడ వాటి మీద పడొద్దు. ఎండకాలం గదా, యాడ తడి ఉంటే ఆడికే వస్తయి. జర సేపు కదలకు." కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి తడిమట్టి మీద పసుపువి, తెల్లవి ఒక్కొక్కటే వాలి, రెక్కలు నిటారుగా మూసుకుని నీళ్ళు పీల్చసాగాయి. నిమ్మచెట్టు మీంచి నల్లటిది, ఒళ్ళంతా పసుపు మచ్చలున్నది వచ్చింది. జిల్లేడు మీద నారింజ రంగుది. యాదగిరి సంచీలోంచి కాగితం తీసి నిజంగానే బొమ్మ గీయడం మొదలుపెట్టాడు, రెక్క అంచున ఎన్ని వంకీలున్నాయో మళ్ళీ మళ్ళీ చూసి మరీ. నాకు కొంచెం నిరాశ కలిగింది. ఇతను చెప్పింది నిజమే అయితే నేను ఇంటికెళ్ళి ఏం చెప్పాలి?

సత్తెమ్మత్త చింతచిగురు దూస్తూ నన్ను తన దగ్గరికి పిలిచింది. కొమ్మ వంచి పట్టుకోమని నా చేతికిచ్చి, ఆవిడ మొదలుపెట్టింది. "బిడ్డా, మీ నాయిన పొద్దుమీకినంక సైకిలేస్కొని యాడికి పోతుండు?"

"కూరగాయలకి అత్తా."

"రోజు కూరగాయలేనా?"

"తాజావి కావాలంటారు."

"ఓహో. మరి మీ అమ్మ పొద్దున లేస్తే గోడ ఎందుకు కడుగుతుంది?"

నా చేతిలో కొమ్మ జారి పైకి లేచిపోయింది. "దుమ్ము పడిందని" అన్నాను. ఆవిడ "గట్లనా" అని చిగురు దూసుకుంది గానీ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. అప్పుడు తెలిసింది, నేను వాళ్ళని చూడటానికి వస్తే, వాళ్ళు నన్ను అడగటానికి తెచ్చుకున్నారని. గూఢచారి పనిలో ఆవిడ నాకంటే ఎంతో మెరుగు.

అంతలో తోట వెనకవైపు నుంచి ఒక పొడుగాటి కుర్రాడు వచ్చాడు. మెడకి ఎర్రరుమాలు. యాదగిరి "నర్సింగ్" అని పిలిచి లేచాడు. ఇద్దరూ నిమ్మచెట్టు వెనక నిలబడి మాట్లాడుకున్నారు. ఆ కుర్రాడు దిండు సైజు గుడ్డమూట ఒకటి యాదగిరి చేతిలో పెట్టాడు, యాదగిరి దాన్ని సంచీలో కుక్కి చుట్టూ చూశాడు. చూసేసరికి నేను చూస్తున్నాను. చూస్తున్నట్టు కనపడకు అని అమ్మ చెప్పిన ముక్క నాకు అప్పుడు గుర్తులేదు. నర్సింగ్ వెళ్ళిపోయాడు. యాదగిరి నా దగ్గరికి వచ్చి, మొహాన నవ్వు తెచ్చుకుని, "దా పాపా, ఇంకోటి చూపిస్త" అన్నాడు. నన్ను ఏమార్చడానికే తీసుకెళ్ళాడని అప్పుడనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కానీ అతను చూపించింది మాత్రం నేను జీవితంలో మరచిపోలేదు.

తోట మూల మోటారు గది ఉంది. దాని గోడకి తెల్లసున్నం, పక్కన ఆముదం చెట్లు. ఆకులన్నీ పురుగులు తినేసి ఈనెలే మిగిలాయి. గోడ పైన చూరు కింద, ఎండుటాకు తునకల్లాంటివి తలకిందులుగా వేలాడుతున్నాయి. అందులో ఒకటి పగిలి ఉంది, దాన్ని పట్టుకుని ఒక సీతాకోకచిలుక వేలాడుతోంది. ఇటుక రంగు రెక్కలు, వాటి మీద మసితో గీసినట్టు సన్నటి అలల గీతలు. రెక్కలింకా తడిసిన గుడ్డలా ముడుచుకునే ఉన్నాయి. బాగా కనపడాలని సరిగ్గా దాని కిందికి వెళ్ళి తలెత్తాను. టప్పున నా గౌను మీద ఒక చుక్క పడింది. ఎర్రగా. "ఏం కాదు," అన్నాడు యాదగిరి, "గూట్ల ఉన్నన్ని రోజులు కడుపుల మిగిలింది, బయటికొచ్చినంక గిట్ల వదుల్తది. గంతే." నేను గోడ వైపు చూశాను. తెల్లసున్నం మీద ఎర్ర చుక్కలు. అక్కడొకటి, అక్కడొకటి. "మా గోడ!" అని అరిచి, రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

సత్తెమ్మత్త ఒడిలో చింతచిగురుతో పరుగెత్తుకొచ్చింది. "ఏంది, ఏమైంది?" నా గౌను చూసింది, చూరు చూసింది, గోడ చూసింది. తర్వాత మోటారు గది గడప మీద కూలబడి, నెత్తిన చెయ్యి పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా దిక్కు గోడ మీద గూడ ఉన్నయ్ బిడ్డా! మీ నాయినే పెడుతుండనుకున్న. మా యాదగిరిని పట్టిచ్చెతందుకు పోలీసోళ్లకు ఆనవాలు పెడుతుండని, నేను రోజూ పేడ పూసి దాస్తున్న." అమ్మ ఇటు తడిగుడ్డతో తుడుస్తుంటే, ఆవిడ అటు పేడ పూస్తోందన్నమాట. మధ్యలో ఆ పిచ్చి పురుగులు మా అమ్మ నాటిన చెట్టు తిని, మా గోడ ఎక్కి, రెక్కలు తెచ్చుకుని పోతున్నాయి. మేమందరం చుక్కలు చూశాం గానీ, ఒక్కరమూ తలెత్తి పైకి చూడలేదు. సత్తెమ్మత్త నన్ను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. యాదగిరి మాత్రం నవ్వలేదు, సంచీ మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తున్నాడు.

తోటలోంచి బయటికి వస్తుంటే గేటు పక్క చెట్టు నీడన ఒక సైకిలు ఆనించి ఉంది. సీటుకి ఆకుపచ్చ పూలగుడ్డ తొడుగు. అది నా పాత పరికిణీ ముక్క, అమ్మ కుట్టింది. ఆఫీసులో ఉండాల్సిన నాన్న సైకిలు ఇక్కడెందుకుంది? చుట్టూ చూశాను, నాన్న ఎక్కడా లేరు. తను పంపిన పిల్ల మీద కూడా ఆయనకి నమ్మకం లేక, వెనకాలే వచ్చారని నాకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. నోరు మూసుకోవడం అప్పటికే నాకు బాగా అలవాటు.

ఇంటికి రాగానే నా గౌను మీద మరక చూసి అమ్మ కెవ్వుమంది. "పిల్లకి కూడా పెట్టారు! నా పిల్లకి కూడా పెట్టారు!" అని నన్ను లోపలికి ఈడ్చి తలుపు గడియ పెట్టింది. ఒళ్ళంతా తడిమి చూసింది. నేను ఎంత చెప్పినా చెవికెక్కించుకోలేదు. చివరికి చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళి, స్టూలు ఎక్కించి, పైన పరిచిన రాతిబిళ్ళల అంచు కింద చూడమన్నాను. ఖాళీ గూళ్ళు, కాగితంలా పల్చగా, వరసగా వేలాడుతున్నాయి. ఇంకా పగలనివి కొన్ని. అమ్మ స్టూలు మీదే చాలాసేపు నిలబడిపోయింది. ఆ మధ్యాహ్నం సత్తెమ్మత్త పంపిన చింతచిగురు పప్పుని ముందు తను రుచి చూడకుండా నాకు వడ్డించింది.

సాయంత్రం నాన్న వచ్చారు. అమ్మ గోడ సంగతంతా చెప్పింది, ఆయన విని తలూపారు. తర్వాత నన్ను ఎదురుగా నిలబెట్టి, "తోటలో యాదగిరిని ఎవరైనా కలిశారా?" అని అడిగారు. ఎర్రరుమాలు, గుడ్డమూట, సత్తెమ్మత్త పెట్టిన ముద్దు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలాయి. "ఎవరూ రాలేదు నాన్నా. సీతాకోకచిలుకలు చూశాం, అంతే" అన్నాను. నాన్న నన్ను అలాగే చూస్తూ ఉండిపోయారు. కోపం లేదు ఆ చూపులో. అంతవరకూ పక్కింటి వైపు తిరిగి ఉన్న చూపు ఇప్పుడు నా వైపు తిరిగింది. కాసేపటికి లేచి, కూరగాయల సంచీ లేకుండానే సైకిలు తీసుకుని వెళ్ళారు.

యాదగిరిని ఎవరూ పట్టుకుపోలేదు. నేనే కాపాడానని ఎంత గర్వపడ్డానో! కొత్తపేట వైపు ఎవరినో తీసుకెళ్ళారని ఆ వారంలో అనుకున్నారు, రోజూ ఎవరినో ఒకరిని తీసుకెళ్తూనే ఉన్నారు కాబట్టి ఎవరని అడగలేదు. గోడ గుట్టు తేలిపోయింది గదా, ఇక రెండిళ్ళూ మునుపటిలా ఉంటాయనుకున్నాను. కానీ అమ్మ మనిషిని పిలిపించి ఆముదం చెట్టు కొట్టించేసింది. "తెలిసిందిగా అమ్మా, ఎందుకు కొట్టించావ్?" అని ఏడ్చాను. "తెలిసింది. అయినా వద్దు. మళ్ళీ చుక్క పడితే నేను పైకి చూస్తానో, పక్కకి చూస్తానో నాకే తెలీదు" అంది. పడిపోయిన కొమ్మల్లోంచి కాయలు ఏరి కొంగులో వేసుకుంటున్న సత్తెమ్మత్తని చూసి, ఈ వాసన పడదన్న మనిషికి ఇవెందుకని అప్పుడు కూడా అనుమానపడ్డాను. యాదగిరి నాతో మాట్లాడటం మానేశాడు. కొన్నాళ్ళకి వాళ్ళు ఎల్బీనగర్‌లో జాగా కొనుక్కుని వెళ్ళిపోయారు. తర్వాత పెళ్ళిళ్ళలో కనిపిస్తే సత్తెమ్మత్త నన్ను వాటేసుకునేది, యాదగిరి మొహం తిప్పుకునేవాడు. రాజకీయం అనుకున్నాను.

ఇన్నేళ్ళకి తెలంగాణ వచ్చింది. నా మనవరాలు బస్సులో ఏ యాసలో మాట్లాడినా వెనక్కి తిరిగి చూసేవాళ్ళు లేరు, అసలు ఆ పిల్ల ఫోన్‌లోంచి తల ఎత్తితే గదా. అనుమానం పోయిందా అంటే, పోలేదు. ఆ పని ఇప్పుడు గేటుకొక కెమెరాకి అప్పజెప్పి మనం పడుకుంటున్నాం. అమ్మకి గోడ తుడిచే శ్రమ అయినా ఉండేది. గోడ తుడవడానికి వెళ్ళిన మనిషి పక్కింటి మనిషిని చూస్తుంది, చూస్తే పలకరించక తప్పదు, కూర ఏం చేశారని అడగక తప్పదు. కెమెరాకి ఆ బాధ లేదు.

మొన్న సత్తెమ్మత్త ఫోటో ముందు నమస్కారం పెట్టి బయటికొస్తే, యాదగిరి వరండాలో కుర్చీ చూపించాడు. తల పండిపోయింది. నేను కూర్చున్నాక అడిగాడు. "ఆనాడు తోటల నర్సింగ్ నాకు మూట ఇచ్చుడు చూసినవ్ గదా?"

"చూశాను అన్నా."

"అవి మా పాంప్లెట్లు. రెండు దినాలకే నర్సింగ్‌ను పట్టుకపోయిన్రు. నన్ను ముట్టలే. లోపల కొట్టిన దెబ్బలకు వానికి ఒక చెవి పోయింది. సచ్చేదాక నన్ను అడిగిండు, మూట నీ కాడుంటే నిన్నెందుకు ఇడిసిపెట్టిన్రు అని. నేనే పట్టిచ్చిన అనుకున్నడు. నేనేమో నువ్వు చెప్పినవనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకున్న."

"నేను చెప్పలేదు. నాన్న అడిగితే ఎవరూ రాలేదన్నాను."

"అక్క గూడ గట్లనే అన్నది. 'ఆ పిల్ల చెప్పది' అనేది. నేను నీ పేరు తీసినప్పుడల్లా రెక్క పట్టుకొని గేటు కాడికి తీస్కపొయ్యేది. గా గోడ చూపెట్టి, 'సూడు, గప్పుడు గూడ ఇట్లనే అనుకున్నం గదరా' అనేది. గేటు కాడి చెట్టు గూడ మీ ఆముదం గింజలు పెట్టి పెంచిందే. సున్నం ఏపిస్తనంటే ఏనాడు ఏయనియ్యలే."

ఈ లోకంలో ఒక మనిషి, నన్ను ఒక్క మాటైనా అడగకుండా, ఒక గోడని సాక్ష్యంగా పెట్టుకుని ఇన్నేళ్ళు నా తరఫున నిలబడింది. అక్కడితో కన్నీళ్ళు తుడుచుకుని లేచి వచ్చేస్తే బాగుండేది. కానీ ఆనాటి తోట గేటు పక్క చెట్టు నీడలో ఆకుపచ్చ పూలగుడ్డ తొడుగు నాకు కనిపిస్తూనే ఉంది. అమ్మ పోయింది, నాన్న పోయారు, ఇక దాచడం ఎవరి కోసం?

"అన్నా, ఆ రోజు తోట గేటు దగ్గర మా నాన్న సైకిలు చూశాను" అన్నాను. "ఆయన్ని చూడలేదు. ఆయనే చెప్పారో, మరెవరైనా చెప్పారో నాకు తెలీదు. సైకిలు మాత్రం చూశాను. గోడ సంగతి తెలిశాక పక్కింటివాడి పేరు చెప్పడానికి మనసొప్పక, ముక్కూ మొహం తెలియని పిల్లాణ్ణి చూపించారేమో."

యాదగిరి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "గీ ముక్క నర్సింగ్‌కు తెల్వాల్సుండె" అన్నాడు.

తర్వాత నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చాడు. ఇద్దరం ఆ గోడ ముందు కాసేపు నిలబడ్డాం. సత్తెమ్మత్త నమ్మింది నిజమే, నా వరకు. మా నాన్న దాకా మాత్రం రాలేదేమో ఆ నిజం.